నీడ ఎక్కడిదో తెలిశాక: దయ్యాల, సస్పెన్స్, మిస్టరీ నవలల బలం, బలహీనత

నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది పానగల్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదానిలో, శివలింగం వెనక గోడ మీద, స్తంభం ఆకారంలో ఒక నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు, నీడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇది ఏ స్తంభం నీడో చూద్దామని వెనక్కి తిరిగితే, ఇదీ అని ఒక్క స్తంభాన్ని చూపించడం ఎవరివల్లా కాదు.

దీనికి భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు కారణం చెప్పారు. ఆ గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. బయట నేల మీద, గోడల మీద పడి చెదిరిన వెలుతురు మండపం స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఒకటికి మించిన స్తంభాల నీడలు ఒకదాని మీద ఒకటి పడినచోట ఆ చిక్కటి చీకటి గీత ఏర్పడుతుంది. చెదిరిన వెలుతురు కాబట్టి సూర్యుడి వెంట నీడ తిరగదు. ఇంతే కారణం. ఇది తెలిశాక గుడి చిన్నబోలేదు సరికదా, ఇంకా పెద్దదయింది. తెలియనప్పుడు చూసేది ఒక గోడనే. తెలిశాక ఆ స్తంభాలు నిలబెట్టిన చోటు, వాటి మధ్య దూరం, ద్వారాల కొలతలు అన్నీ చూడాలనిపిస్తుంది.

మిస్టరీ నవలను కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. ముడి విప్పాక కథ చిన్నబోయిందా, పెద్దదయిందా? దయ్యాల నవలలు, సస్పెన్స్ నవలలు, మిస్టరీలు అన్నీ టైమ్‌పాస్ పుస్తకాలని కొందరు తీసిపారేస్తారు. వాటిని చదివిన కాలం ఎంత బాగుండేదో అని ఇంకొందరు మురిసిపోతారు. ఇద్దరూ ఈ ప్రశ్న అడగరు. అడిగితే ఈ నవలల బలమూ, బలహీనతా ఒక్కచోటే దొరుకుతాయి.

ముందు ఈ మూడింటికీ తేడా తెలియాలి. దక్షిణ తెలంగాణలో ఏ ఊరి చేను గట్టు మీదికి పోయినా ఎండిపోయిన బోరు ఒకటి కనబడుతుంది. నీళ్లు పడలేదని కేసింగ్ పైపు పీక్కుపోయి, నోటి మీద ఒక గోనెసంచి కప్పి, రాయి పెట్టి వదిలేసిన బోరు. పిల్లలు ఆ చేనులో దాగుడుమూతలు ఆడుతున్నారు. సంచి కింద ఏముందో చదివేవాళ్లకు తెలుసు, పిల్లలకు తెలియదు. అది సస్పెన్స్. నిన్న సాయంత్రం దాకా సంచి మీద ఉన్న రాయి పొద్దున్నే లేదు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నది మిస్టరీ. రాత్రి ఆ బోరులోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారంటే దయ్యాల కథ. బోరు ఒక్కటే. మొదటి కథలో పాఠకుడికి పాత్రల కంటే ఎక్కువ తెలుసు. రెండో కథలో తక్కువ తెలుసు. మూడో కథలో తనకు తెలిసిన లోకమే నిజమా అన్న అనుమానం పుడుతుంది.

ఇంకోమాట కూడా చెప్పాలి. వదిలేసిన బోర్లను ఉక్కు మూతతో మూయాలని, మట్టితో నేల మట్టానికి పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఆ తర్వాత కూడా పిల్లలు పడుతూనే ఉన్నారు. కాబట్టి పైన చెప్పిన సస్పెన్స్ ఎక్కడి నుంచో తెచ్చిపెట్టుకున్నది కాదు. చదివేవాళ్ల కడుపులో చెయ్యి పెట్టి కలిపినట్టు ఉండాలంటే, భయపెట్టే వస్తువు వాళ్లకు అలవాటైనదై ఉండాలి. మంచి సస్పెన్స్ రచయితకు ఇది తెలుసు.

ఈ నవలల మొదటి బలం అందరూ చెప్పేదే, చదివించడం. 1970ల్లో, 80ల్లో జిల్లా కేంద్రాల్లో, తాలూకా పట్టణాల్లో అద్దెపుస్తకాల షాపులు నడిచాయంటే దానికి పెద్ద కారణం డిటెక్టివ్ నవలలే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు సృష్టించిన షాడో ఆ షాపుల్లో అరలు నింపారు. బడిలో వాచకం తప్ప మరో పుస్తకం ముట్టని ఇళ్లలో పిల్లలు గుక్కతిప్పుకోకుండా తెలుగు చదవడం నేర్చుకున్నది వీటితోనే. దీన్ని చిన్న విషయంగా చూడటం తప్పు. పుస్తకం పట్టుకుంటే వదలబుద్ధి కాదన్న అనుభవం ఒకసారి కలిగినవాళ్లే తర్వాత పెద్ద పుస్తకాల దగ్గరికి పోతారు. ఆ అనుభవం లేనివాళ్లకు గ్రంథాలయంలో ఎన్ని బీరువాలున్నా ఒకటే.

రెండో బలం అంతకంటే పెద్దది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మిస్టరీ నవలకు మొదటి పేజీలోనే ఒక ప్రమాణం ఉంటుంది. చనిపోయిన మనిషి ఎవరైనా, ఎందుకు చనిపోయాడో తేలకుండా ఈ పుస్తకం ముగియదు. చిన్న ఉద్యోగి అయినా, వంటమనిషి అయినా, ఊరూ పేరూ లేని బాటసారి అయినా ఆ చావుకు లెక్క చెప్పాల్సిందే. ఈ ప్రమాణం విలువ పాలమూరు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? తరాల తరబడి ఇక్కడి మనుషులు మేస్త్రీల వెంట ఎక్కడెక్కడి డ్యాముల దగ్గరికో, రోడ్డు పనులకో, కాంక్రీటు పనులకో వలస పోయారు. కొందరు తిరిగి రాలేదు. జ్వరమొచ్చి పోయాడన్నారు, గుండె ఆగిందన్నారు, కాలు జారిందన్నారు. అడిగే దిక్కు లేక ఇంటివాళ్లు నమ్మారు. అలాంటి ఒక్క చావును పట్టుకుని, ఆ రోజు పనిలో ఎవరున్నారు, హాజరు పుస్తకంలో పేరు ఎందుకు కొట్టేశారు, శవాన్ని అంత తొందరగా ఎందుకు పంపారు అని అడుగుతూ పోయే మిస్టరీ నవల రాస్తే, దాన్ని టైమ్‌పాస్ అని ఎవరంటారు? మిస్టరీ చట్రానికి ఆ శక్తి ఉంది. మనవాళ్లు దాన్ని ఎక్కువగా ఎస్టేటు యజమానుల వీలునామాలకే వాడారు.

నల్లగొండ జిల్లాకు సొంతంగా ఒక పెద్ద డిటెక్టివ్ కథ ఉంది. అందులో హంతకుడు నీళ్లు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో పిల్లల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి. నడివయసులోనే నడుములు వంగిపోయాయి. ఊరూరా ఇదే వరస. పూర్వజన్మ పాపమా, అమ్మవారి కోపమా, వంశంలో జబ్బా? జవాబు తాగే బావిలో, బోరులో ఉంది. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి భూగర్భజలంలో కలుస్తోంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు, ఇక్కడి నీళ్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతిని రూపొందిస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. నీళ్ల శుద్ధి గురించిన పుస్తకాల్లో ఈ జిల్లా పేరు ఆ రూపంలో ప్రపంచమంతా తిరుగుతోంది. అనుమానితులను ఒక్కొక్కరినే పక్కన పెట్టుకుంటూ పోయి, ఇంట్లో అందరూ రోజూ ముట్టుకునే కుండ దగ్గర ఆగడం మిస్టరీ నవలలో చివరి అధ్యాయానికి ఉండాల్సిన గుణం. ఎవరూ అనుమానించనిది, కానీ మొదటి నుంచీ కళ్లముందే ఉన్నది.

ఈ నవలల్లో ఎక్కువ భాగం దెబ్బతినేదీ ఆ చివరి అధ్యాయంలోనే. రెండు వందల పేజీలు గుండెలు అదిరేలా నడిపించి, చివరి పది పేజీల్లో చేతులెత్తేసిన నవలలు తెలుగులో లెక్కలేనన్ని. అప్పటిదాకా పేరు కూడా వినని తమ్ముడు ఎక్కడి నుంచో ఊడిపడతాడు. హంతకుడికి కవల సోదరుడు ఉన్నట్టు ఆఖర్న తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలి గతం మర్చిపోయినవాళ్లకు మరో దెబ్బతో అంతా గుర్తొస్తుంది. అన్ని దారులూ మూసుకుపోతే హిప్నాటిజం. ఇవన్నీ పాఠకుడిని మోసం చేయడమే. రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత 1929లోనే డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. అందులో ఒకటి, ముందుగా పాఠకుణ్ణి సిద్ధం చేయకుండా కవలలను దించకూడదని. ఇంకొకటి, అతీంద్రియ శక్తులు ముడి విప్పకూడదని. ఆ నియమాలను సరదాగా రాసినట్టు కనిపించినా వాటి వెనక ఉన్న న్యాయం గట్టిది. డిటెక్టివ్‌కు తెలిసిన ప్రతి ఆధారం పాఠకుడికీ తెలియాలి. ఇద్దరూ ఒకే గీత దగ్గర నిలబడి పరిగెత్తాలి.

మరి దయ్యాన్ని అసలు రానివ్వకూడదా? రానివ్వొచ్చు. ఎలా రానివ్వాలో 1902లో పుస్తకంగా వచ్చిన కోనన్ డాయల్ షెర్లాక్ హోమ్స్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ చూపించింది. ఒక వంశాన్ని వెంటాడే దయ్యపు కుక్క అన్న పుకారుతో అది మొదలవుతుంది. చివరికి కుక్క నిజం కుక్కే, దాని వెనక ఆస్తి కోసం కాచుకున్న మనిషి ఉన్నాడు. అంత తెలిశాక కూడా ఆ బురదనేల మీది మంచు, ఆ అరుపు గుర్తుండిపోతాయి. భయం పోదు, దాని చిరునామా మారుతుంది. పుకారు మీద ఉన్న భయం మనిషి దురాశ మీదికి మళ్లుతుంది. పానగల్లు నీడ లాగే, కారణం తెలిసి పెద్దదైన కథ అది.

రెండోసారి చదవగలమా అన్నది మంచి పరీక్ష. హంతకుడెవరో తెలిశాక పుస్తకం పాత పేపర్‌లో పడేయాలనిపిస్తే, అందులో మనుషులు లేరని అర్థం. ముడి కోసం తయారుచేసిన బొమ్మలు మాత్రమే ఉన్నాయి. మన డిటెక్టివ్ నవలల్లో చాలా పాత్రలకు ఇల్లు అద్దె కట్టే దిగులు ఉండదు, పంట ఎండిన బాధ ఉండదు. వాళ్లకు కులం, అప్పు, చుట్టాలు ఉండరు. ఒక కారు, ఒక సిగరెట్, ఒక రివాల్వర్ ఉంటాయి. ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. శవంగానైనా కనబడాలి, వలవేసే మోహినిగానైనా కనబడాలి, మూడో రకం తక్కువ. నౌకరు, దొంగ, మంత్రగాడు పల్లె యాసలో మాట్లాడతారు, డిటెక్టివ్ మాత్రం పుస్తకాల భాషలో మాట్లాడతాడు. తెలివి ఒక యాసకు, నేరం మరో యాసకు అంటగట్టిన ఆ అలవాటు చదివే పిల్లల మనసులో ఏం నాటిందో ఆలోచించాల్సిందే. ‘గిదేందన్నా’ అనే మనిషి కూడా ముడి విప్పగలడని చూపించిన నవలలు ఎన్ని దొరుకుతాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూడొచ్చు.

పోలీసు పనితీరు తెలియకపోవడం మరో లోపం. అనుమానాస్పద మరణమంటే ముందు పంచనామా, తర్వాత పోస్టుమార్టం, అవసరమైతే అవయవ భాగాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు, రిపోర్టు కోసం ఎదురుచూపు. ప్రైవేటు డిటెక్టివ్‌కు మన చట్టంలో అరెస్టు చేసే ప్రత్యేక అధికారం లేదు. నవలల్లో మాత్రం ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వెనక చేతులు కట్టుకుని నిలబడతాడు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసింది కాబట్టి ఆమె కథల్లో విషాలు నమ్మేలా ఉంటాయి. రుచి, వాసన, ఆనవాలు ఏమీ లేని పేరు చెప్పని విషంతో నడిచే నవలను, ఇంటి చూరులో పురుగుమందు డబ్బా ఉండే పత్తి రైతు చదివితే ఒక్క పేజీలోనే పక్కన పెట్టేస్తాడు. ఆ వాసన ఎంత దూరం కొడుతుందో అతనికి తెలుసు.

దయ్యాల నవలల దగ్గరికి వస్తే లెక్క ఇంకా బరువెక్కుతుంది.

వీటి బలం గతాన్ని లేపి నిలబెట్టడంలో ఉంది. పాతిపెట్టిన అన్యాయం ఊరుకోదన్న నమ్మకమే ప్రతి దయ్యం కథకూ పునాది. తెలుగు దయ్యాల నవలలు ఎక్కువగా కొండ మీది పాడుబడ్డ బంగళా దగ్గరే తచ్చాడాయి. ఆ బంగళా మనది కాదు. తెలంగాణ పల్లెలో పాడుబడ్డ ఇల్లంటే దొరల గడి. ఎత్తైన గోడలు, పెద్ద దర్వాజా, లోపల మొలిచిన సర్కారు కంప. రాత్రిపూట అటు పోవద్దని పెద్దవాళ్లు ఎందుకు అనేవాళ్లో చరిత్ర చెబుతుంది. వెట్టిచాకిరీ, కొరడా దెబ్బలు, ఆడవాళ్లను లోపలికి పిలిపించుకోవడం. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిన కడవెండి అప్పటి నల్లగొండ జిల్లాలోనిదే. ఆ చరిత్ర ఉన్న నేల మీద గడిలోంచి రాత్రి ఏడుపు వినిపిస్తోందని కథ మొదలుపెడితే, అది ఎవరి ఏడుపో వెతకడం తరాల లెక్క తేల్చడం అవుతుంది. దయ్యం కథ తన పూర్తి శక్తితో పనిచేసేది అలాంటి చోట్లే. మర్రిచెట్టును మాత్రం ఇక్కడ దయ్యాల నివాసంగా చూపిస్తే ఎవరూ బెదరరు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి నీడన పిక్నిక్ చేసుకున్న జిల్లా ఇది. ఆ మానును చెదలు తింటే, మనిషికి సెలైన్ ఎక్కించినట్టు చెట్టుకు చుక్కచుక్కగా మందు ఎక్కించి బతికించుకున్న ఊరు.

మరో బలం, బయటికి అనలేని మాటకు నోరివ్వడం. కొత్త కోడలికి గాలి సోకిందంటారు. సోకినప్పుడే ఆమె అత్తను పేరు పెట్టి పిలుస్తుంది, మామను నిలదీస్తుంది, పుట్టింటికి పంపమంటుంది. మామూలుగా అంటే చెంప పగిలే మాటలు ఆ కాసేపు ఇంటిల్లిపాదీ చేతులు జోడించి వింటారు. మంచి నవలాకారుడి చేతిలో పడితే ఇది ఎంత లోతైన దృశ్యం! దయ్యం నిజమా అబద్ధమా అని తేల్చకుండానే, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మొత్తం చెప్పేయొచ్చు.

ఇదే విషయాన్ని బాధ్యత లేకుండా రాస్తే ఏమవుతుందో కూడా ఈ జిల్లాలకు తెలుసు. బాణామతి, అంటే చేతబడి, అన్న మాట హైదరాబాద్‌లో కూర్చుని నవల చదివేవాళ్లకు ఒక థ్రిల్. దక్షిణ తెలంగాణ పల్లెల్లో ఆ మాట ఒక మనిషి మీద పడిందంటే బతుకు ముగిసినట్టే. బర్రె పాలివ్వడం మానేసిందని, బిడ్డకు జ్వరం తగ్గడం లేదని, ఇంటి మీద రాళ్లు పడ్డాయని, ఒంటరి ముసలమ్మనో, పేదవాడినో, కిందికులం మనిషినో చూపిస్తారు. పళ్లు రాలగొట్టారు. చెట్టుకు కట్టేసి కొట్టారు. తగలబెట్టారు. ఇవి నవలల్లోవి కావు, పోలీసు కేసుల్లోవి. పక్కనున్న మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత, మూఢాచారాల మీద చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చట్టం చేసింది.

1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగు పాఠకులను ఊపేసింది. క్షుద్రవిద్య, వైద్యశాస్త్రం ఆ కథలో పక్కపక్కనే నడుస్తాయి. వారం వారం అలా పాఠకుణ్ణి పట్టి ఉంచడం మామూలు నైపుణ్యం కాదు, దాన్ని ఒప్పుకోవాలి. రంగనాయకమ్మ ఆ నవలను ఖండిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని అమ్ముకోవడమన్నది ఆ వైపు వాదన. కథను కథగా చూడాలన్నది అవతలి వైపు వాదన. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ వాదన పాతబడలేదు. పాఠకులు అమాయకులు కారు, నవల చదివి ఎవరూ మంత్రాలు నేర్చుకోరన్నది నిజమే. కానీ ముందే ఉన్న అనుమానానికి నవల భాషను, బొమ్మలను ఇస్తుంది. నిమ్మకాయలో రక్తం, పిండిబొమ్మకు సూదులు, అర్ధరాత్రి శ్మశానం. పల్లెలో ఎవరింటి ముందో నిమ్మకాయ కనబడినప్పుడు భయం ఏ రూపం ఎత్తాలో ఆ బొమ్మలు ముందే నేర్పి పెడతాయి.

అందుకని దయ్యాల నవలలు రాయొద్దనడం పరిష్కారం కాదు. ఒక్క ప్రశ్న మాత్రం ప్రతి నవలనూ అడగాలి. భయాన్ని తీసుకెళ్లి చివరికి ఎవరి మీద పెట్టారు? గడి మీదా, గుడిసె మీదా? మంత్రగత్తె అని చూపించిన ఒంటరి ముసలమ్మ నిజంగానే మంత్రగత్తె అని ముగిసే నవల, ఎంత బాగా రాసినా, ఊరి గుంపు వైపు నిలబడ్డట్టే. ఆమె మీద ఆ పుకారు ఎవరు పుట్టించారు, ఆమె రెండెకరాల చెలక ఎవరి పొలానికి ఆనుకుని ఉంది అని వెతికే నవల అదే భయాన్ని వాడుకుని, అదే టెన్షన్‌తో చదివించి, మనిషి వైపు నిలబడుతుంది. సస్పెన్స్ ఒక్క చుక్క కూడా తగ్గదు. నిజానికి పెరుగుతుంది, ఎందుకంటే దయ్యాన్ని తాయెత్తుతో ఆపొచ్చు, గుంపును ఆపడం కష్టం.

మూర్ఛ వచ్చి పడిపోయిన పిల్లవాడి చేతిలో తాళంచెవులు పెట్టి, తర్వాత భూతవైద్యుడి దగ్గరికి మోసుకుపోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నవలలో ఆ పిల్లవాడికి పట్టిన దయ్యాన్ని మంత్రగాడు వదిలిస్తాడు. ఊళ్లో ఆ పిల్లవాడికి రోజూ మాత్ర వేసుకోవాల్సిన జబ్బు ఉంటుంది, దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ వేయరు. ఈ ఒక్క చోట రచయిత చేసే పొరపాటు పుస్తకం అట్ట దాటి బయటికి వచ్చేస్తుంది.

కారణం చెప్పడం వల్ల దృశ్యంలో పస పోతుందన్న భయం కూడా రచయితలకు అక్కర్లేదు. పల్లెల్లో మూఢనమ్మకాల మీద ప్రదర్శనలు చూసినవాళ్లకు ఇది తెలుసు. పసుపునీళ్లలో సున్నపుతేట కలిపి రక్తం లాంటి ఎరుపు పుట్టిస్తారు. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు పడితే అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. మొదట జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. తర్వాత ఎలా చేశారో విప్పి చెప్పినప్పుడు, ఆ రెండోసారి, ఇంకా ముందుకు జరిగి చూస్తారు. మిస్టరీ నవలకు కావాల్సిన పాఠకులు ఆ ముందుకు జరిగినవాళ్లే.

ఇప్పుడు అద్దెపుస్తకాల షాపులు దాదాపు లేవు, కథలు ఫోన్‌లోకి, ఆడియో భాగాల్లోకి వచ్చాయి. వారపత్రిక సీరియల్ జబ్బే వాటికీ ఉంది. ప్రతి భాగం చివర ఒక కుదుపు ఉండాలి కాబట్టి తలుపు చప్పుడు, తీరా చూస్తే పిల్లి. పదిసార్లు పిల్లి వచ్చాక పదకొండోసారి నిజంగా ఎవరొచ్చినా గుండె కొట్టుకోదు.

సెల్‌ఫోన్, సీసీ కెమెరా వచ్చాక మిస్టరీ రాయడం కష్టమైందన్న ఫిర్యాదు ఒకటి వినబడుతోంది. చుట్టూ చూడకపోవడం వల్ల వచ్చిన ఫిర్యాదు అది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ రోడ్డు మీద వాహనాలను వదలరు. ఇటు మన్ననూరు చెక్‌పోస్టు, అటు దోమలపెంట చెక్‌పోస్టు. మధ్యలో నల్లమల, చాలాచోట్ల సిగ్నల్ కూడా అందదు. సాయంత్రం మన్ననూరు దాటిన ఒక కారు దోమలపెంట చేరలేదు, వెనక్కీ రాలేదు. ఇంగ్లిష్ రచయితలు ఒక గది తలుపుకు గొళ్లెం వేసి పుట్టించిన చిక్కుముడి, ఇక్కడ ఒక అడవికి రెండు గేట్లు వేసి సిద్ధంగా ఉంది. ఆ ముడి విప్పేది నగరం నుంచి వచ్చిన డిటెక్టివ్ కానక్కర్లేదు. ఏ ఆకు ఎప్పుడు నలిగిందో చెప్పగల చెంచు మనిషిని మించిన పరిశోధకుడు ఆ అడవిలో ఎవరు?

రాచకొండ, దేవరకొండ కోటల చుట్టూ, పాత గుళ్ల చుట్టూ గుప్తనిధుల తవ్వకాలు జరుగుతూనే ఉంటాయి. దొరికిన నిధి ఎవరిదో తేల్చడానికి చట్టం ఉంది. నిధి కోసం నంది విగ్రహాన్ని పెకిలించేవాడి ఆశ, వాడికి పూజ చేసిపెట్టే మంత్రగాడి మోసం, పొద్దున్నే పగిలిన విగ్రహం చూసి ఏడ్చే పూజారి దుఃఖం, మూడూ ఒకే గోతిలో ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద ముడిసరుకు నీళ్ల కింద ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల మొదట్లో, పాలమూరు వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లు ఎన్నో మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. ఇళ్లను ఎవరూ విప్పి తేలేదు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు బురదలోంచి మొండిగోడలు, రోళ్లు, బావి ఒరలు తేలుతాయి. ముసలివాళ్లు మనవళ్లను తీసుకొచ్చి ఇది మన గడప, ఇది మన కొట్టం అని చూపిస్తారు.

అలా వచ్చిన ఒక ముసలాయన తన ఇంటి పునాది గుర్తుపట్టి, అడుగులు లెక్కపెట్టి, ఆగిపోయాడనుకుందాం. తాను పుట్టి పెరిగిన ఇంట్లో లేని ఒక గది అక్కడ ఉంది. రాతితో కట్టింది, తలుపు పెట్టకుండా పూడ్చేసింది. నష్టపరిహారం కాగితాల్లో ఆ ఇంటికి రాసిన గదుల లెక్కలోకి అది రాదు. ఊళ్లో అప్పటివాళ్లు ఇంకో నలుగురే మిగిలారు. పైన వానలు మొదలయ్యాయని, ఎగువ ప్రాజెక్టులు నిండుతున్నాయని వార్తలు వస్తున్నాయి. నీళ్లు మళ్లీ ఆ గదిని కప్పేయడానికి ఇంకా పన్నెండు రోజులు.